బొల్లి: నొప్పి లేని జబ్బు ఇంత బాధ ఎందుకు పెడుతోంది?

బొల్లి మచ్చ నొప్పి పెట్టదు. ఒకరి నుంచి మరొకరికి అంటదు. దానివల్ల ప్రాణం పోదు, ఒంట్లో శక్తి తగ్గదు. అయినా ఆ మచ్చల కారణంగా చదువు మానేసినవాళ్లు, ఉద్యోగం వదులుకున్నవాళ్లు, ఏళ్ల తరబడి ఏ శుభకార్యానికీ వెళ్లనివాళ్లు మన మధ్య ఉన్నారు. ప్రాణం తీసుకోవాలన్నంత దూరం వెళ్లినవాళ్లూ ఉన్నారు. శరీరానికి ఇంత తక్కువ హాని చేసే జబ్బు మనిషి బతుకును ఇంతగా ఎలా దెబ్బతీస్తోంది?

‘జనానికి తెలియక’ అని ఒక్క మాటలో తేల్చేస్తే సగమే చెప్పినట్టు. మిగతా సగం ఇంట్లోనే ఉంది. అయినవాళ్ల ప్రేమలో, గుట్టుగా ఉంచాలన్న తాపత్రయంలో ఉంది. నా దృష్టిలో ఎక్కువ నష్టం జరుగుతున్నది అక్కడే.

ముందుగా జబ్బు సంగతి. చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను మెలనోసైట్లు అనే కణాలు తయారుచేస్తాయి. మనల్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే పొరపాటున ఈ కణాలమీద దాడి చేసి చంపేస్తుంది. అవి పోయిన చోట చర్మం పాలలా తెల్లబడుతుంది. డాక్టర్లు దీన్ని విటిలిగో అంటారు. ప్రపంచ జనాభాలో 0.5 నుంచి 2 శాతం మందికి ఇది ఉందని అంచనా. సుమారు సగం మందిలో 20 ఏళ్లలోపే మొదలవుతుంది. బడిలో పక్కన కూర్చునేవాళ్లు, కాలేజీలో స్నేహాలు, ఇంట్లో పెళ్లి మాటలు, ఇవన్నీ నడిచే వయసులోనే అద్దంలో మొదటి మచ్చ కనిపిస్తుందన్నమాట.

మచ్చలు వచ్చే చోటు కూడా మనిషిని ఇరకాటంలో పెట్టేదే. పెదవులు, వేళ్ల చివరలు, కళ్ల చుట్టూ, నోటి చుట్టూ రావడం ఎక్కువ. నలుగురిలో దాచలేని చోట్లివి. పైగా పెదవుల మీద, వేళ్ల చివరల్లో వచ్చిన మచ్చలు చికిత్సకు ఒక పట్టాన లొంగవు. కారణం ఏమిటంటే, పోయిన రంగు తిరిగి రావడానికి కావలసిన కణాలు ఎక్కువగా వెంట్రుకల కుదుళ్ల దగ్గర నుంచే వస్తాయి. అందుకే మందు పనిచేస్తున్నప్పుడు తెల్లటి మచ్చ మధ్యలో, వెంట్రుక మొలిచే చోట గోధుమరంగు చుక్క ఒకటి లేస్తుంది. కొన్నాళ్లకు దాని పక్కన మరొకటి. ఈ జబ్బుతో బతికేవాళ్లు పొద్దున్నే కిటికీ వెలుతురులో మోచేతిని తిప్పి తిప్పి ఆ చుక్కలను లెక్కపెట్టుకుంటారు. నిన్నటికన్నా ఒకటి ఎక్కువ కనిపిస్తే ఆ రోజంతా బాగుంటుంది. వేళ్ల చివర వెంట్రుకలుండవు కాబట్టి అక్కడ లెక్కపెట్టుకోవడానికి ఏమీ ఉండదు.

ఇక భయం ఎక్కడిదో చూద్దాం. బొల్లిని కుష్టుతో కలిపి చూడటం వేల ఏళ్ల నాటిది. శ్వేతకుష్టు అనే మాట ఇప్పటికీ చాలామంది నోట వినిపిస్తుంది. మనుస్మృతి మూడో అధ్యాయంలో, ఎంత సంపన్నమైనవైనా సంబంధం కలుపుకోకూడని కుటుంబాల జాబితా ఒకటుంది. క్షయ, మూర్ఛ, శ్విత్రం, కుష్టు ఉన్న వంశాలు అందులో పక్కపక్కనే వస్తాయి. శ్విత్రం అంటే ఈ తెల్లమచ్చలే. అక్కడ నిషేధం మచ్చలున్న మనిషికి మాత్రమే కాదు, మొత్తం వంశానికి. కుష్టుకు కారణం ఒక బ్యాక్టీరియా అని నార్వేకు చెందిన హాన్సెన్ 1873లో కనిపెట్టేదాకా ఆ జబ్బు ఎందుకు వస్తుందో తెలియదు. కారణం తెలిసి 150 ఏళ్లు దాటినా ఆ జాబితా మాత్రం మన సంబంధాల మాటల్లో అలాగే నడుస్తోంది.

తేడా పోల్చుకోవడం కష్టం కాదు. కుష్టు మచ్చ రంగు పాలిపోయినట్టు గాని ఎర్రగా గాని ఉంటుంది, పాలలా తెల్లబడదు. ఆ చోట స్పర్శ తగ్గుతుంది. బొల్లి మచ్చ మీద దూదిపింజ ఆనించినా తెలుస్తుంది. అనుమానం ఉంటే డాక్టరుకు చూపించి అప్పటికప్పుడే తేల్చుకోవచ్చు.

అయితే ఇక్కడ నాకు ఒక అభ్యంతరం ఉంది. బొల్లి ఉన్నవాళ్ల తరఫున మాట్లాడే ప్రతి ఒక్కరూ ‘ఇది కుష్టు కాదు, భయపడకండి’ అంటారు. మాట నిజమే. కాని కుష్టు అయితే భయపడి దూరం పెట్టడం సబబేనన్న అర్థం అందులోంచి వచ్చేస్తోంది. కుష్టుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్స ఉంది. మందులు మొదలుపెట్టిన కొద్దికాలానికే ఆ మనిషి నుంచి జబ్బు ఇతరులకు సోకదు. 1898 నాటి కుష్టురోగుల చట్టాన్ని మన పార్లమెంటు 2016లో రద్దు చేసింది. కుష్టును విడాకులకు కారణంగా చూపే నిబంధనలను 2019లో తొలగించింది. బొల్లి ఉన్నవాళ్ల గౌరవాన్ని కుష్టు ఉన్నవాళ్లను కిందికి తోసి సంపాదించనక్కర్లేదు.

ఇంకో చిక్కుముడి రంగు. తెల్లగా ఉండటాన్ని ఇంతగా కోరుకునే సమాజం తెల్లమచ్చను చూసి వెనక్కి జంకుతుంది. అంటే జంకు రంగును చూసి కాదు. చర్మం మీద అలవాటు లేని గుర్తు కనిపిస్తే ‘ఏదో జబ్బు, తగిలితే అంటుతుంది’ అని మనసు ఆలోచనకన్నా ముందే ఒక హెచ్చరిక చేస్తుంది. అంటదని తెలిసినవాళ్లు కూడా చిల్లర ఇచ్చేటప్పుడు చేతిలో పెట్టకుండా బల్లమీద పెడతారు. తెలియక చేసేవాళ్లకు చెప్పవచ్చు. తెలిసీ చేతిని వెనక్కి తీసుకునేవాళ్లకు కరపత్రాలు పనిచేయవు. వాళ్లకు కావలసింది రోజూ పక్కన కూర్చుని పనిచేసే మనిషి, చెయ్యి కలిపే సందర్భం. ఛామనచాయలో, నలుపులో తెల్లమచ్చ దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి యూరప్‌లో కొందరు ఏళ్లపాటు గమనించకుండా గడిపేసే జబ్బే ఇక్కడ తలుపు దాటి బయటికి వెళ్లనివ్వదు.

ఇప్పుడు ఇంట్లోకి వద్దాం. అవమానం రెండు రకాలుగా పనిచేస్తుంది. ఎవరో ముఖం మీదే అన్న మాట, పక్కన కూర్చోకుండా లేచి వెళ్లిపోవడం, ఉద్యోగం ఇవ్వకపోవడం ఒకటి. అవి జరుగుతాయేమోనన్న భయం రెండోది. స్కాంబ్లర్, హాప్కిన్స్ అనే ఇద్దరు పరిశోధకులు లండన్‌లో మూర్ఛవ్యాధి ఉన్నవాళ్లతో మాట్లాడి 1986లో ఈ తేడాను వివరంగా చూపారు. నిజంగా ఎదురైన వివక్షకన్నా ఎదురవుతుందన్న భయమే వాళ్ల జీవితాలను ఎక్కువ కుంచించివేసిందని తేల్చారు. భయంతో దాస్తారు. దాచడంవల్ల నిజంగా అవమానించేవాళ్లు తక్కువే ఎదురవుతారు. అయితే దాచడానికి పడే పాటు మాత్రం రోజూ ఉంటుంది. బొల్లికి ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది.

నేను దగ్గరగా చూసిన ఒకావిడ పెళ్లిళ్లకు వచ్చినప్పుడు ఎంత ఎండాకాలమైనా మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు వేసుకుంటారు. ఫొటో తీసేటప్పుడు ఎడమ చెయ్యి వెనక్కి వెళ్లే చోటు చూసుకుని నిలబడతారు. బంతిలో వడ్డించమని ఎవరైనా గరిటె అందిస్తే ఏదో పని కల్పించుకుని లోపలికి వెళ్లిపోతారు. ముత్తయిదువులకు పసుపు కుంకుమ ఇచ్చే వేళకు ఆవిడ కనిపించరు. ఆ పూటంతా ఆవిడను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అయినా ఇంటికి చేరేసరికి ఒంట్లో సత్తువ ఉండదు. ‘నిన్నెవరేమన్నారు, నువ్వే ఊహించుకుంటున్నావు’ అని ఇంట్లోవాళ్లు అంటారు. ఎవరూ ఏమీ అనకుండా ఉండటానికి ఆవిడ పొద్దున్నుంచి ఎంత కష్టపడ్డారో ఆ మాటకు తెలియదు.

దాచడం జబ్బునే పెంచిన సందర్భం ఒకటి చెప్పాలి. స్టిక్కర్ బొట్టు వెనక ఉండే జిగురులో పారా టెర్షరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం ఉండవచ్చు. అది కొందరి చర్మంలో మెలనోసైట్లను చంపేస్తుంది. నుదుటి మధ్యలో సరిగ్గా బొట్టంత మేర తెల్లబడుతుంది. మన చర్మవైద్యులకు ఇది బాగా తెలిసిన విషయం. అప్పుడు ఆ ఇల్లాలు ఏం చేస్తుంది? మచ్చ కనబడకుండా ఇంకాస్త పెద్ద స్టిక్కరు పెడుతుంది. అందులోనూ అదే జిగురు. మచ్చ ఆ అంచుదాకా పాకుతుంది. అప్పుడు ఇంకా పెద్ద స్టిక్కరు. మొదటి వారంలోనే స్టిక్కరు మానేసి కుంకుమ పెట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లినవాళ్లకు చాలావరకు అక్కడితో ఆగే మచ్చ, ఏళ్ల తరబడి దాచినవాళ్లకు నుదురంతా పరుచుకుంటుంది. కొన్ని రబ్బరు చెప్పుల్లోని, తలకు వేసే రంగుల్లోని రసాయనాలతోనూ ఇలా జరుగుతుంది. బొల్లి ఇప్పటికే ఉన్నవాళ్లలో రాపిడి తగిలిన చోటల్లా కొత్త మచ్చ రావచ్చు. లంగా నాడా బిగించి కట్టే నడుము చుట్టూ మచ్చలు రావడం అందుకే. ఈ చిన్న విషయాలు మొదట్లోనే చెప్పే మనిషి కావాలంటే, ముందు ఎవరో ఒకరికి చూపించాలి కదా.

ఇంట్లో దాచడం పెళ్లి దగ్గర పరాకాష్ఠకు చేరుతుంది. అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూసి చేసుకోవాలనే చోట ఒక్క పిల్లకు వచ్చిన మచ్చ ఇంట్లో అందరి సంబంధాలనూ ప్రశ్నిస్తుంది. ‘చెల్లి పెళ్లయ్యేదాకా బయటికి పొక్కనివ్వకు’ అని అక్కతో అంటారు. ఆ ఇంట్లో తనవల్ల అందరికీ నష్టమన్న భావంతో అక్క పెరుగుతుంది. డాక్టరు దగ్గరకు కూడా సొంత ఊళ్లో కాకుండా, తెలిసినవాళ్లు కనబడని ఊరికి తీసుకెళ్తారు. తల్లి తన వైపు నుంచి వచ్చిందేమోనని కుమిలిపోతుంది. వంశపారంపర్యం మాట ఎంత నిజం? 2003లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో బొల్లి ఉన్నవాళ్ల తోబుట్టువుల్లో 6 శాతం మందికే అది కనిపించింది. జన్యువులన్నీ ఒకటే అయిన కవలల్లో కూడా ఒకరికి ఉంటే రెండోవారికి ఉన్నది 23 శాతం సందర్భాల్లోనే. జన్యువుల పాత్ర ఉంది, అది మాత్రమే చాలదు. మధుమేహం ఉన్న కుటుంబాలతో వియ్యమందడానికి వెనుకాడని మనం, ఇంత చిన్న అంకెను చూసి సంబంధం వదులుకోవడానికి సహేతుకమైన కారణం ఏదీ లేదు.

దాచి పెళ్లి చేయడం మాత్రం ఆడపిల్లకు గాని మగపిల్లవాడికి గాని చేసే మేలు కాదు. బొల్లి విడాకులకు కారణమని హిందూ వివాహ చట్టంలో ఎక్కడా లేదు. కాని ముఖ్యమైన విషయాన్ని మోసపూరితంగా దాచి సమ్మతి పొందారని తేలితే వివాహాన్ని రద్దు చేయమని కోరడానికి ఆ చట్టం 12వ సెక్షన్ వీలు కల్పిస్తోంది. కోర్టు ఏం తేల్చినా, ఆ వాదన మొదలైన రోజు నుంచి అత్తింట్లో ఆ అమ్మాయి మచ్చ ఉన్న మనిషి కాదు, మోసం చేసిన మనిషి అవుతుంది. దాచమన్నవాళ్లు పెద్దలు, నింద మోసేది ఆమె. పెళ్లిచూపుల్లోనే చెప్పేస్తే పది సంబంధాలు తప్పిపోవచ్చు. తెలిసి వచ్చిన పదకొండోది నిలబడుతుంది. పుణెలో డాక్టర్ మాయా తుళపుళే నడిపించిన శ్వేత అసోసియేషన్ బొల్లి ఉన్నవాళ్లను ఒకచోట చేర్చి, వధూవరుల పరిచయ వేదికలు కూడా ఏర్పాటు చేసింది. ఆమెకూ బొల్లి ఉంది. అయితే బొల్లి ఉన్నవాళ్లు బొల్లి ఉన్నవాళ్లనే చేసుకోవాలన్న కొత్త నియమం ఒకటి పుట్టకూడదని నా కోరిక.

పథ్యం పేరుతో ఇంట్లో జరిగేదీ తక్కువ కాదు. చేపలు తిన్నాక పాలు తాగితే బొల్లి వస్తుందన్నది మన దగ్గర బలంగా నాటుకుపోయిన నమ్మకం. దానికి ఆధారం లేదు. పెరుగు, పులుపు, ఉప్పు మానేస్తే మచ్చలు తగ్గుతాయన్నదానికీ లేదు. అయినా పులిహోర కలిపిన రోజున కూడా ఆ పిల్లవాడి కంచంలో విడిగా ఏదో వడ్డిస్తారు. పూటపూటకూ ‘నువ్వు వేరు’ అని గుర్తు చేసే ఏర్పాటు ఇది. మచ్చ తగ్గకపోతే ఆ నేరం కూడా వాడిదే, ఎక్కడో చాటుగా నిమ్మకాయ పచ్చడి తినుంటాడు.

ఇదే కోవలో ఇంకో మాట ఉంది. ‘ఎక్కువ ఆలోచించకు, దిగులు పడితే ఇంకా పెరుగుతుంది’ అంటారు. తీవ్రమైన ఒత్తిడి తర్వాత మచ్చలు మొదలయ్యాయని చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. ఒత్తిడికి పాత్ర ఉండవచ్చు. కాని జబ్బుకు మూలం రోగనిరోధక వ్యవస్థ చేసే దాడి, మనిషి బలహీనత కాదు. దిగులు పడుతున్న మనిషితో నీ దిగులే నీ జబ్బు అంటే, దిగులు పడినందుకు మళ్లీ దిగులు పడాలి. మంచి మనసుతోనే అంటారు, కాని దయచేసి అనకండి.

ఇంత భయం ఉన్నచోట వ్యాపారం పుట్టకుండా ఉండదు. ‘నలభై రోజుల్లో మచ్చలు మాయం’ అనే ప్రకటనలు ఒకప్పుడు గోడల మీద ఉండేవి, ఇప్పుడు ఫోనులో వస్తున్నాయి. మందులు, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం వచ్చింది 1954లో. నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల జాబితాలో ల్యూకోడెర్మా, అంటే తెల్లమచ్చలు, ఉంది. అలాంటి ప్రకటన చట్టరీత్యా నేరం. పూతమందు రాసి చర్మం కాల్చుకున్నవాళ్లు, అప్పులు చేసి పొట్లాలు తిన్నవాళ్లు ఫిర్యాదు చేయరు. చేస్తే తమకు జబ్బు ఉందని బయటపడుతుంది. గుట్టు ఇక్కడ మోసగాడికి రక్షణ కవచమైంది.

నిజమైన చికిత్స నిదానంగా సాగుతుంది. కొత్త మచ్చలకు స్టెరాయిడ్, టాక్రోలిమస్ పూతమందులు, ఎక్కువగా ఉంటే వారానికి రెండు మూడుసార్లు నారోబ్యాండ్ యూవీబీ కాంతి చికిత్స, మచ్చలు ఏడాదిపాటు పెరగకుండా నిలిచిపోయినవాళ్లకు చర్మ కణాల మార్పిడి శస్త్రచికిత్స ఉన్నాయి. రుక్సోలిటినిబ్ అనే పూతమందును అమెరికా 2022 జులైలో ఆమోదించింది. ముఖం మీద ఫలితం బాగుంటుంది, చేతివేళ్ల మీద తక్కువ. నెలల తరబడి పడుతుంది. థైరాయిడ్ సమస్య కూడా తోడుగా ఉండే అవకాశం ఉంది కాబట్టి ఆ రక్తపరీక్ష చేయిస్తారు. జిల్లా కేంద్రానికి వారానికి మూడుసార్లు బస్సులో వెళ్లి రావాలంటే కూలి పోతుంది, సెలవులు అయిపోతాయి, ఎక్కడికి వెళ్తున్నావని అడిగినవాళ్లకల్లా ఏదో ఒకటి చెప్పాలి. సగంలో మానేసేవాళ్లు అందుకే ఎక్కువ. మందు మీద నమ్మకం పోయి కాదు.

వైద్యుల వైపు నుంచి ఒక లోపం కూడా చెప్పాలి. చర్మవ్యాధి వల్ల జీవితం ఎంత దెబ్బతిందో కొలవడానికి బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో ఫిన్లే, ఖాన్ అనే ఇద్దరు 1994లో పది ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేశారు. డీఎల్‌క్యూఐ అంటారు. ప్రపంచమంతా దాన్నే వాడుతోంది. మంచి సాధనమే. కాని అది గడిచిన వారం రోజుల గురించే అడుగుతుంది. దురద, నొప్పి ఎంత, బయటి పనులకు, ఆటలకు ఎంత ఇబ్బంది అయింది అని. పదేళ్లుగా వేడుకలకు వెళ్లడమే మానుకున్న మనిషి ‘నాకు వర్తించదు’ అన్న గడిలో టిక్కు పెడుతుంది. ఆ జవాబుకు సున్నా మార్కులు. జీవితం పూర్తిగా ముడుచుకుపోయినవాళ్లు ఆ లెక్కలో బాగున్నట్టే కనిపిస్తారు. ఢిల్లీ ఎయిమ్స్ చర్మవైద్యులు ఇక్కడి రోగుల మాటలు విని, బొల్లి కోసమే విటిలిగో ఇంపాక్ట్ స్కేల్ అనే వేరే ప్రశ్నావళిని రూపొందించారు. దాన్ని తర్వాత 22 ప్రశ్నలకు కుదించారు. పరిశోధనల్లో కాకుండా మామూలు ఆసుపత్రుల్లో కూడా అది కనిపించాలి.

మనసుకు వైద్యం వేరే ఉంది, అది పనిచేస్తుంది కూడా. బొల్లి ఉన్నవాళ్లకు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ ఇస్తే ఆత్మగౌరవం, జీవన నాణ్యత మెరుగుపడ్డాయని బ్రిటన్‌లో 1999లో వెలువడిన ఒక చిన్న అధ్యయనం చూపింది. మచ్చ అలాగే ఉన్నా ‘అందరూ నన్నే చూస్తున్నారు’ అన్న ఆలోచనను పరీక్షించి చూసుకోవడం, ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ముందే సిద్ధంగా ఉంచుకోవడం అందులో నేర్పుతారు. ‘ఇది బొల్లి, అంటుకోదు’ అని ఒక్క వాక్యం అలవాటుగా అనగలిగితే చాలా సందర్భాలు అక్కడితో ముగుస్తాయి. మైకేల్ జాక్సన్ తన జబ్బు సంగతి 1993లో టీవీ ఇంటర్వ్యూలో చెప్పేదాకా కావాలని చర్మం తెల్లగా చేసుకున్నాడనే లోకం అనుకుంది. ఆయన చనిపోయిన జూన్ 25నే ప్రపంచ విటిలిగో దినంగా జరుపుతున్నారు. తెలుగువాళ్లకు నటిగా, గాయనిగా తెలిసిన మమతా మోహన్‌దాస్ 2023 జనవరిలో తనకు విటిలిగో ఉందని మేకప్ లేని ఫొటోలతో స్వయంగా ప్రకటించారు. ఆమె ఆ పని చేసింది కాబట్టి అందరూ చేయాలని నేను అనను. మేకప్‌తో మచ్చ కప్పుకోవడం తప్పు కాదు. అది లేకుండా పాలవాడికి తలుపు తీయగలుగుతున్నారా లేదా అన్నదే చూసుకోవలసింది.

పిల్లల విషయంలో ఆలస్యం చేయకూడదు. బడిలో టీచరు ఒక్కసారి తరగతి అందరి ముందు, ఆ పిల్ల ఒప్పుకుంటే, ఇది అంటదని చెప్పి, తాను ఆ పిల్ల చెయ్యి పట్టుకుంటే మిగతా పిల్లలు నేర్చుకుంటారు. పీఈటీ పీరియడ్‌కు రాకుండా లైబ్రరీలో కూర్చోమని దయతో పంపేయడం మాత్రం ఆ పిల్లను ఒంటరిని చేస్తుంది. ఇంట్లో మచ్చ గురించి గుసగుసలు మాని మామూలు గొంతుతో మాట్లాడాలి. చుట్టాలు వచ్చినప్పుడు లోపలి గదిలోకి పంపకూడదు.

చర్మవ్యాధులను ప్రజారోగ్య ప్రాధాన్యంగా గుర్తిస్తూ ప్రపంచ ఆరోగ్య సభ 2025 మేలో తీర్మానం చేసింది. అది మన దాకా రావాలంటే పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. చర్మవైద్యుడు మచ్చ కొలిచాక, రాసే చీటీ పక్కన పెట్టి, ‘ఈమధ్య ఏ పెళ్లికైనా వెళ్లారా? నిద్ర పడుతోందా? చచ్చిపోవాలనిపించిందా?’ అని మూడు ప్రశ్నలు అడగవచ్చు. నిద్ర కరవై, బతకాలని లేదనిపిస్తున్నవాళ్లు డాక్టరు అడిగేదాకా ఆగనక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు, పేరు చెప్పమని బలవంతపెట్టరు.